మడత కత్తి: తెరవడం, మూయడం, విప్పి శుభ్రం చేసుకోవడం

మంచి మడత కత్తి మొదటిసారి చేతికి వచ్చినప్పుడు చాలామందికి ఒకటే అనుభవం. వేరేవాళ్ల చేతిలో టక్కున తెరుచుకున్న కత్తి మన చేతిలో సగం దాకా వచ్చి ఆగిపోతుంది, లేదా అసలు కదలనే కదలదు. ఇంకాస్త బలం పెడతాం. వేలి కొన నొప్పి పుడుతుంది తప్ప కత్తి మాట వినదు. నా మొదటి ఫ్రేమ్ లాక్ కత్తితో (తెరిచిన బ్లేడును పిడి పలకే ఆపి పట్టే రకం) వారం రోజులు ఇలాగే తిప్పలు పడ్డాను. కత్తిలోనే లోపం ఉందనుకుని తిరిగి పంపడానికి పెట్టె కూడా సర్దేశాను. తీరా చూస్తే తప్పు తెరిచే వేలిది కాదు, పిడిని పట్టుకున్న మిగతా వేళ్లది. వాటిని అర అంగుళం వెనక్కి జరిపాక అదే కత్తి అలవోకగా తెరుచుకుంది.

ఈ వ్యాసంలో మళ్లీ మళ్లీ వచ్చే విషయం అదే. ఇలాంటి కత్తులకు బలం అక్కర్లేదు. బలం పెట్టాల్సి వస్తోందంటే వేలు తప్పు చోట అయినా ఉండాలి, లోపల చెత్త అయినా చేరి ఉండాలి, స్క్రూ అయినా ఎక్కువ బిగిసి ఉండాలి.

తెరిచే ముందు ఒకసారి పరిశీలనగా చూడండి

కత్తి మూసే ఉంచి వెలుతురులో పట్టుకోండి. బ్లేడు తిరిగే చోట పెద్ద స్క్రూ కనిపిస్తుంది. అదే పివట్, అంటే ఇరుసు. బ్లేడుకు, పిడికి మధ్య వాషర్లు కానీ బేరింగులు కానీ ఉంటాయి. ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) వాషర్లున్న కత్తి నూనెలో జారినట్టు నిదానంగా, బరువుగా కదులుతుంది. బేరింగులున్నది చిన్న తోపుకే పరుగెడుతుంది. రెండూ మంచివే. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలోని ఐడహోలో స్థిరపడిన క్రిస్ రీవ్ తయారుచేసిన సెబెంజా అనే మడత కత్తిలో ఉండేవి బ్రాంజ్ వాషర్లే. జులూ భాషలో సెబెంజా అంటే పని. వాడేకొద్దీ ఆ వాషర్లు నునుపుదేరి, ఏడాది వాడిన కత్తి కొత్తదానికంటే హాయిగా తిరుగుతుంది.

ఇప్పుడు కొంచెం తెరిచి పిడి లోపలికి చూడండి. లైనర్ లాక్ (పిడి లోపలి పల్చటి రేకు బ్లేడును ఆపే రకం), ఫ్రేమ్ లాక్ కత్తుల్లో లాక్ రేకు లోపలివైపు ఆవగింజంత గుండు ఒకటి కనిపిస్తుంది. స్టీలుదో సిరామిక్‌దో అయి ఉంటుంది. బ్లేడు మొదలు దగ్గర దానికి సరిపోయే చిన్న గుంట ఉంటుంది. కత్తి మూసినప్పుడు గుండు ఆ గుంటలో కూర్చుంటుంది. దీన్నే డిటెంట్ అంటారు. జేబులో కత్తి తనంతట తాను తెరుచుకోకుండా ఆపేది ఇదే. తెరిచేటప్పుడు టక్కున ఊపు ఇచ్చేది కూడా ఇదే, ఎందుకంటే వేలి ఒత్తిడి అంతా గుండు గుంటలోంచి బయటపడే దాకా పోగై, ఆ తరువాత ఒక్కసారిగా విడుదలవుతుంది. కాబట్టి తెరవడం అంటే నిజానికి ఆ గుండును గుంటలోంచి లేపడమే.

ఫ్లిప్పర్: వేలు కాదు, పట్టు ముఖ్యం

కత్తి మూసి ఉన్నప్పుడు బ్లేడు వెనక భాగం చిన్న రెక్కలా పిడి బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది ఫ్లిప్పర్. దాన్ని చూపుడువేలితో తెరుస్తారు.

1. కత్తిని నాలుగు వేళ్ల మడతల్లో పడుకోబెట్టండి, బొటనవేలు ఎదురుగా పిడి అంచు మీద ఉండాలి. బ్లేడు తిరిగి వచ్చే దారిలో ఏ వేలూ ఉండకూడదు.

2. వేలికొనలు ఎక్కడ ఉన్నాయో చూసుకోండి. ఫ్రేమ్ లాక్‌లో పిడి పలకలోనే ఒక పొడవాటి ముక్కను కోసి లాక్‌గా వంచుతారు. కుడిచేత్తో పట్టుకుంటే మధ్యవేలు, ఉంగరపువేలు సరిగ్గా ఆ ముక్క మీదే పడతాయి. వాటితో గట్టిగా నొక్కితే గుండు గుంటలోకి ఇంకా దిగుతుంది. ఒక చేత్తో తలుపు తోస్తూ ఇంకో చేత్తో గడియ పట్టుకున్నట్టే. నా వారం రోజుల తిప్పలకు కారణం ఇదే. వేలికొనలను జేబు క్లిప్పు మీదకో, లాక్ కోత దాటిన గట్టి భాగం మీదకో జరపండి.

3. చూపుడువేలి కొన కాకుండా మెత్తటి భాగాన్ని రెక్క మీద ఆనించండి.

4. రెక్కను పిడి చివర వైపుకు, మీ అరచేతి వైపుకు లాగినట్టు నొక్కండి. కొట్టకండి. ఒత్తిడి మెల్లగా పెంచుతూ పోండి. ఒక దశలో గుండు లేచిపోతుంది, బ్లేడు దానంతట అదే పూర్తిగా వెళ్లి లాక్ అవుతుంది.

కొన్ని కత్తులకు రెక్కను నేరుగా పిడి లోపలికి నొక్కితే బాగుంటుంది, కొన్నింటికి స్విచ్ వేసినట్టు వెనక్కి లాగితే బాగుంటుంది. రెండూ పదేసి సార్లు చేసి చూస్తే మీ కత్తి ఏది కోరుకుంటుందో వేలికే తెలిసిపోతుంది. మణికట్టు విసరాల్సి వస్తే మాత్రం పద్ధతి ఇంకా కుదరలేదని అర్థం. విసురు అలవాటైతే పట్టు సడలుతుంది, కత్తి చేయి జారుతుంది, తెరిచిన బ్లేడును ఆపే పిన్నుకు ప్రతిసారీ అక్కర్లేని దెబ్బ తగులుతుంది.

ముందు ఫ్లిప్పర్ (ఫ్రంట్ ఫ్లిప్పర్) అని ఇంకో రకం ఉంది. అందులో రెక్క పిడి వీపు మీద కాకుండా పివట్ పైన, ముక్కు దగ్గర ఉంటుంది. బొటనవేలిని దాని మీద ఆనించి ముందు నుంచి వెనక్కి దొర్లించాలి. మొదట కష్టంగానే ఉంటుంది. ఆ కొద్దిపాటి గరుకు గీతలను వేలి చర్మం పట్టుకునేలా ఆనిస్తే సగం పని అయినట్టే.

స్టడ్, రంధ్రం, గోటిగాడి

బ్లేడు పక్కన చిన్న గుబ్బ ఉంటే అది థంబ్ స్టడ్. ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే బొటనవేలితో గుబ్బను బ్లేడు వైపుకే అదిమి పెట్టడం. అలా అదిమితే బ్లేడు పక్కకు ఒరిగి రాసుకుంటుంది. గుబ్బ వెనక మూల మీద వేలు ఉంచి, పిడికి దూరంగా, అర్ధచంద్రాకారంలో బయటికి తొయ్యాలి. ముందు నిదానంగా, వేలు చివరిదాకా బ్లేడుతోనే ప్రయాణించేలా తెరవడం అలవాటు చేసుకోండి. వేగం తరువాత సంగతి. బొటనవేలు గుబ్బ మీద నుంచి జారితే పదును అంచు మీదికి వెళ్లే అవకాశం ఉన్న కత్తులూ ఉంటాయి, అందుకే మొదటి రోజుల్లో తొందర వద్దు.

బ్లేడులో గుండ్రటి రంధ్రం పెట్టే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చింది కొలరాడోలోని గోల్డెన్‌కు చెందిన స్పైడర్‌కో కంపెనీ. 1981లో వచ్చిన వాళ్ల సి01 వర్కర్ కత్తిలోనే రంధ్రం, జేబు క్లిప్పు రెండూ ఉన్నాయి. రంధ్రంలో వేలి కండ కొంచెం కూరుకుంటుంది కాబట్టి జారదు, గ్లవ్స్ వేసుకున్నా, చెయ్యి తడిగా ఉన్నా పట్టు దొరుకుతుంది. నా మటుకు నాకు రోజంతా పనిచేసే కత్తికి ఇదే అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి.

గోటిగాడి పాత పద్ధతి. బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి రెండు చేతులతో తెరుస్తారు. ఇక్కడ జాగ్రత్త ఒక్కటే: బ్లేడును రెండు పక్కల నుంచి చిటికెతో పట్టుకున్నాక, మొన మీ వైపు కాకుండా బయటికి ఉండేలా తిప్పండి.

స్ప్రింగు సాయంతో తెరుచుకునేవి, మీట నొక్కితే తెరుచుకునేవి కూడా ఉన్నాయి. వాటిలో నేర్చుకోవాల్సిన నైపుణ్యం తక్కువ. గట్టిగా పట్టుకోవాలి, బ్లేడు దారిలో ఏమీ ఉండకూడదు, అంతే. చట్టపరంగా మాత్రం చాలా దేశాలు వీటిని వేరుగా చూస్తాయి.

మూయడం: వేళ్లు తెగేది ఇక్కడే

కత్తి తెరిచేటప్పుడు మనసంతా కత్తి మీదే ఉంటుంది. మూసేటప్పుడు పని అయిపోయిందన్న ధీమా ఉంటుంది, కళ్లు ఇంకెక్కడో ఉంటాయి. ఎక్కువగా తెగేది అప్పుడే. పైగా బేరింగుల కత్తుల్లో లాక్ వదలగానే బ్లేడు తలుపులా ఊగకుండా నేరుగా కిందికి పడుతుంది. అందుకే లాక్ రకాన్ని బట్టి మూసే తీరు విడిగా నేర్చుకోవాలి.

లైనర్ లాక్‌కు ఇప్పటి రూపం ఇచ్చింది కత్తుల తయారీదారు మైకేల్ వాకర్, 1980ల మొదట్లో. పిడి లోపలి పల్చటి రేకు వంగి వచ్చి బ్లేడు మొదలు కింద నిలబడుతుంది. ఫ్రేమ్ లాక్ దాని అన్న లాంటిది, అక్కడ పిడి పలకే ఆ పని చేస్తుంది. రెండింటినీ మూసే పద్ధతి ఒకటే:

1. పదును అంచు పైకి ఉండేలా, బ్లేడు వీపు కింద ఉండేలా పిడిని తిప్పి పట్టుకోండి. చూపుడువేలిని పిడి పక్కకు తీసేయండి.

2. బొటనవేలితో లాక్ రేకును పిడి గోడ వైపుకు, దాని అసలు చోటికి తొయ్యండి. వదిలే దాకా మాత్రమే. అవసరానికి మించి వంచితే స్ప్రింగు గుణం పోతుంది, అందుకే కొన్ని కత్తుల్లో అతిగా వంగకుండా ఆపే చిన్న బిళ్ల పెడతారు.

3. రెండో చేతి చిటికెతో బ్లేడును వీపు వైపు నుంచి పట్టుకుని పాతిక డిగ్రీలు మడవండి. ఇప్పుడు రేకు బ్లేడు పక్కకు ఆనుకుని ఉంటుంది, వెనక్కి లాక్ అవ్వదు.

4. బొటనవేలిని పూర్తిగా బయటికి తీయండి. తీశానని కంటితో చూసుకోండి. తరువాతే బ్లేడు మొత్తం మడవండి.

ఒంటి చేత్తో మూయడం ఈ నాలుగు మెట్లూ చూడకుండా చేయగలిగిన తరువాతి సంగతి. అప్పుడు ఫ్లిప్పర్ రెక్కో, పదును పెట్టకుండా వదిలిన మెడ భాగమో ముందుగా వేలికి తగిలి బ్లేడును ఆపుతుంది. మీ కత్తిలో వేలికి ముందు తగిలేది మొద్దు భాగమా, పదునా అన్నది రెండు చేతులతో మెల్లగా మూసి ముందే తేల్చుకోండి. పదునే తగిలేలా ఉంటే ఆ కత్తిని ఎప్పటికీ రెండు చేతులతోనే మూయండి.

బెంచ్‌మేడ్ కంపెనీ 1998లో తెచ్చిన యాక్సిస్ లాక్‌లో పిడికి అడ్డంగా ఒక స్టీలు కడ్డీ ఉంటుంది. రెండు సన్నటి తీగ స్ప్రింగులు దాన్ని ముందుకు నెడుతూ ఉంటాయి. ఇప్పుడు చాలా కంపెనీలు ఇదే తరహా అడ్డకడ్డీ లాక్ చేస్తున్నాయి. బొటనవేలు, చూపుడువేలుతో రెండు పక్కల గుబ్బలూ వెనక్కి లాగితే బ్లేడు వదులవుతుంది. వేళ్లు బ్లేడు దారిలోకి రానే రావు, కుడి ఎడమ తేడా లేదు. చేతిలో ఆడించుకోవడానికి దీనికి మించినది లేదు. కానీ కడ్డీ లాగి పట్టుకుని రోజుకు వందలసార్లు ఊపితే ఆ తీగ స్ప్రింగులు అలసిపోతాయి, ఒక్కోసారి విరుగుతాయి. రెండింటిలో ఒకటి విరిగినా కడ్డీ వంకరగా కదులుతుంది. అలా అనిపిస్తే వాడకం ఆపి స్ప్రింగులు మార్పించండి.

స్పైడర్‌కో పారామిలిటరీ 2లో ఉండే కంప్రెషన్ లాక్ చూడ్డానికి లైనర్ లాక్‌ను తలకిందులు చేసినట్టు ఉంటుంది. మీట పిడి వీపు మీద ఉంటుంది కాబట్టి మూసేటప్పుడు వేళ్లన్నీ సురక్షితం. బక్ 110 లాంటి బ్యాక్ లాక్‌లో వీపు మీద ఉన్న మీటను నొక్కాలి. ఇక్కడ రెండు చేతులు వాడటమే పద్ధతి. ఒపినెల్ కత్తికి 1955 నుంచి మెడ దగ్గర తిరిగే ఇనుప వలయం ఉంటోంది, దాన్ని తిప్పి చీలికను బ్లేడు ఎదురుగా తెస్తే చాలు.

సాధన ఎలా చేయాలి

పదును అంచు మీద పల్చటి కాగితం టేపు ఒక్క పొర అతికించండి. బల్ల ముందు కూర్చుని, బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి, చేతులు దాని పైన ఉంచి చేయండి. ఒడిలో పెట్టుకుని చేయకండి. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. కత్తి జారితే పడనివ్వండి. కాళ్లు వెనక్కి తీయండి, చేతులు పైకి ఎత్తేయండి. పడుతున్న వస్తువును పట్టుకోవాలన్నది మన ఒంటికి పుట్టుకతో వచ్చిన అలవాటు, దాన్ని కావాలని మాన్పించాలి. టేపు వేసిన కత్తిని గుడ్డ మీద కావాలని నాలుగుసార్లు వదిలి చేతులు వెనక్కి తీసుకోవడం సాధన చేయండి. నాకు ఇది ఒకసారి నిజంగా పనికొచ్చింది. చేతిలోంచి జారిన కత్తి మొన కింద చెక్కలో దిగబడింది, అరచేయి క్షేమం.

ఇరవై నిమిషాలు ఏకబిగిన చేయడం కంటే రోజుకు ఐదు నిమిషాలు మేలు. వేళ్లు అలసిపోయాక పట్టు మారిపోతుంది.

విప్పి శుభ్రం చేయడం

కత్తి మందంగా తిరుగుతుంటే విప్పే ముందు బ్లేడు తెరిచి లోపలికి గాలి ఊదండి, పివట్ దగ్గర ఒక చుక్క నూనె వేసి ఇరవై సార్లు ఆడించండి. చాలాసార్లు జేబులోని నూలు పోగులే కారణం, దీంతోనే సరిపోతుంది. విప్పితే వారంటీ వర్తించదనే కంపెనీలూ ఉన్నాయి కాబట్టి ఆ కాగితం ముందే చదవండి.

విప్పాల్సి వస్తే సరైన సైజు టార్క్స్ (ఆరు కోణాల నక్షత్రం కొన ఉన్న) స్క్రూడ్రైవర్ కావాలి. చాలా కత్తులకు పిడి స్క్రూలు టి6, పివట్ టి8 పడతాయి, టి10 ఉన్నవీ ఉంటాయి. కొన మెత్తబడిన చవక డ్రైవర్‌తో స్క్రూ తల అరగదీస్తే ఎంత ఖరీదైన కత్తి అయినా అక్కడితో ఆగిపోతుంది. డ్రైవర్‌ను నిటారుగా నిలబెట్టి, కిందికి అదిమి, అప్పుడు తిప్పండి. స్క్రూ రాకపోతే థ్రెడ్‌లాకర్ జిగురు పట్టి ఉంటుంది. హెయిర్ డ్రైయర్‌తో ఆ చోటు కాసేపు వేడి చేసి మళ్లీ ప్రయత్నించండి. పంతానికి పోయి విరగ్గొట్టుకోకండి.

బ్లేడు పదునుకు టేపు వేసి, తెల్ల గుడ్డ పరిచి, ప్రతి భాగం తీసేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. వాషర్ ఏ వైపుది, బేరింగు కేజ్ (గుళ్లను పట్టి ఉంచే చట్రం) ఏ ముఖం పైకి ఉంది అన్నవి తరువాత గుర్తుండవు. అన్నింటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. బ్రాంజ్ వాషర్ల మీది నల్లటి జిడ్డు మొత్తం పోవాలి. వాటిని ఉప్పుకాగితంతో రుద్దకండి, వాడి వాడి వచ్చిన నునుపు అక్కడే ఉంది. డిటెంట్ గుండును, దాని గుంటను అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి శుభ్రం చేయండి.

నూనె విషయంలో తక్కువే ఎక్కువ. వాషర్‌కు ఒక్కోవైపు గుండుసూది తలంత చుక్క, బేరింగు కేజ్‌కు అంతే, డిటెంట్ గుండుకు ఇంకా తక్కువ. నూనె పొంగిపొర్లితే దుమ్ముకు అదే జిగురు. లాక్ రేకు బ్లేడును తాకే ముఖం మీద మాత్రం నూనె పడకూడదు, అక్కడ జారుడు మనకు శత్రువు.

తిరిగి బిగించేటప్పుడు పిడి స్క్రూలన్నీ సగం దాకా వేసి, పివట్ బిగించి, బ్లేడు మధ్యలో కూర్చుందో లేదో చూసి, అప్పుడు పిడి స్క్రూలు ముగించండి. పివట్‌ను బ్లేడు కదలనంత బిగించి, అక్కడి నుంచి వెంట్రుకవాసి చొప్పున వదులు చేస్తూ రండి. నేను ప్రతిసారీ గడియారం ముల్లు ఐదు నిమిషాలు కదిలినంతే తిప్పుతాను. బ్లేడును పక్కలకు ఊపితే కదలిక ఉండకూడదు, అదే సమయంలో హాయిగా తిరగాలి. ఈ రెండూ కలిసే చోటు చాలా చిన్నది. దొరికాక తేలిగ్గా ఊడే రకం థ్రెడ్‌లాకర్ సూది మొనంత స్క్రూ మరలకు రాసి ఒక రోజు వదిలేయండి. ఎర్ర రంగుది వద్దు, బాగా వేడి చేస్తే తప్ప అది ఊడి రాదు.

కొన్ని తేడాలు, వాటి అర్థం

లాక్ రేకు బ్లేడుకు అతుక్కుపోయి, మూయబోతే కిర్రుమని కష్టంగా వదులుతోందా? లాక్ టైటానియంది అయితే అది స్టీలు బ్లేడును కరుచుకునే లక్షణం ఇది. కొత్త కత్తిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఈలోగా రేకు కొసను ఆల్కహాల్‌తో తుడిచి మెత్తటి పెన్సిల్‌తో రాయండి, గ్రాఫైట్ పొర పని చేస్తుంది. లాక్ కొసకు స్టీలు ముక్క బిగించిన కత్తుల్లో ఈ బాధ తక్కువ.

తెరిచి లాక్ చేసిన బ్లేడు పైకీ కిందికీ టక్ టక్ అంటే అది పివట్ సమస్య కాదు, లాక్ కూర్చోవడంలోనే తేడా. లాక్ రేకు బ్లేడు మొదలు వెడల్పును పూర్తిగా దాటి అవతలి గోడకు తగిలేంత వచ్చిందంటే అరుగుదల బాగా ముదిరినట్టు. ఈ రెండింటినీ ఇంట్లో సరిచేయాలని చూడకండి, తయారీదారుకు పంపండి. లాక్ గట్టిదో కాదో చూడ్డానికి బ్లేడు వీపును బల్లకేసి కొట్టేవాళ్లున్నారు. ఆ పరీక్షే మంచి లాక్‌ను పాడుచేస్తుంది, పైగా లాక్ వదిలితే బ్లేడు మూసుకునేది మీ వేళ్ల మీదే.

జేబులో, ఇంకొకరి చేతిలో

జేబులోంచి తీసేటప్పుడు ఫ్లిప్పర్ రెక్క మీద వేలు పెట్టి లాగకండి, క్లిప్పు దగ్గర పట్టుకుని లాగండి. డిటెంట్ బలహీనంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే మూసిన కత్తిని బ్లేడు బయటికి వచ్చే వైపు కిందికి ఉండేలా పట్టుకుని గుడ్డ పైన గట్టిగా విదిలించండి. బ్లేడు బయటికి వస్తే దాన్ని జేబులో పెట్టుకోకూడదు.

ఎవరికైనా ఇవ్వాలంటే మూసి ఇవ్వండి. తెరిచిన కత్తి చూస్తానని అడిగితే బల్ల మీద పెట్టండి, వాళ్లే తీసుకుంటారు. వాళ్లకు ఆ లాక్ తెలియకపోతే మూసేదాకా పక్కనే ఉండండి. ఫ్రేమ్ లాక్ ఎప్పుడూ చూడని మనిషి బ్లేడును బలవంతంగా మడవబోవడం నేను కళ్లారా చూశాను.

చట్టం దేశానికో తీరు. బ్రిటన్‌లో లాక్ లేని, 3 అంగుళాలు మించని మడత కత్తిని మాత్రమే కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు. బ్లేడు పొడవు, లాక్, ఒంటి చేత్తో తెరుచుకోవడం, స్ప్రింగు, ఈ నాలుగింటిని చట్టాలు ఎక్కువగా పట్టించుకుంటాయి. మీరున్న చోట, వెళ్లబోయే చోట నియమం ఏమిటో కొనేముందే చూసుకోండి. విమానం ఎక్కే రోజు బట్టలు వేసుకునేముందు జేబులు తడుముకోండి. క్లిప్పుకు వేలాడే కత్తి ఒంటికి అలవాటైపోయి ఉంటుంది, భద్రతా తనిఖీ దగ్గరికి వెళ్లేదాకా గుర్తే రాదు.